సిద్ధంగా ఉన్న జవాబులు అయిపోయాక

పేరున్న మనిషికి తన జీవితం గురించి ఓ పది పదిహేను కథలు కంఠతా వచ్చి ఉంటాయి. మొదటి అవకాశం ఎలా వచ్చింది, ఎవరు తిట్టారు, ఎవరు చేయి పట్టుకుని నడిపించారు, ఎక్కడ దెబ్బ తిన్నారు, ఆ దెబ్బ ఏం నేర్పింది. ఇవన్నీ చెప్పి చెప్పి నున్నబడ్డ కథలు. అబద్ధాలని కాదు. చెప్పిన ప్రతిసారీ కొంత గరుకు పోయి కొంత మెరుపు చేరుతుంది. చివరికి జరిగింది ఏదో, తాను చెప్పుకుంటూ వచ్చింది ఏదో ఆ మనిషికే తేడా తెలియకుండా పోతుంది. పది నిమిషాల ఇంటర్వ్యూలో బయటికొచ్చేవి ఇవే. అరగంటైనా ఇవే. ఈ సరుకంతా ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చోగలగడమే సుదీర్ఘ సంభాషణకు ఉన్న అసలు బలం.

అలాగని గంటలు గడిస్తే చాలు, నిజం దానంతటదే ఊడిపడుతుందనుకుంటే పొరపాటే. మూడు గంటలు మాట్లాడి ఏమీ చెప్పకుండా లేచిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. సరుకు అయిపోయిందని గుర్తుపట్టే మనిషి ఎదురుగా ఉండాలి. ఆ తర్వాత ఏ తలుపు తట్టాలో కూడా ఆ మనిషికి తెలిసి ఉండాలి.

ఈ విషయంలో రాబర్ట్ కారో అనుభవాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జీవితచరిత్ర రాసే పనిలో భాగంగా కారో, జాన్సన్ తమ్ముడు శామ్ హ్యూస్టన్ జాన్సన్‌ను కలిశారు. మొదట్లో ఆ మాటలు పెద్దగా పనికి రాలేదు. తమ్ముడుగారికి తాగుడు అలవాటు, గొప్పలు చెప్పడం ఇంకా అలవాటు. ఆయన చెప్పినవి బయట సరిచూస్తే నిలబడలేదు. కారో ఆయన్ని పక్కన పెట్టేశారు. కొంతకాలానికి శామ్ హ్యూస్టన్‌కు క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. తర్వాత మళ్లీ ఎదురుపడినప్పుడు మనిషి మారినట్టు, నెమ్మదించినట్టు కారోకు అనిపించింది. అప్పుడు ఓ పథకం వేశారు.

జాన్సన్ సోదరులు పెరిగిన ఇల్లు అప్పటికే సందర్శకుల కోసం పాతకాలంలో ఎలా ఉండేదో అలాగే సిద్ధం చేసి ఉంది. సందర్శకులు వెళ్లిపోయాక శామ్ హ్యూస్టన్‌ను అక్కడికి తీసుకెళ్లారు. భోజనాల బల్ల దగ్గర, చిన్నప్పుడు ఆయన ఎక్కడ కూర్చునేవారో సరిగ్గా అక్కడే కూర్చోబెట్టారు. కారో మాత్రం బల్ల దగ్గర కూర్చోలేదు. ఆయన వెనక, కంటికి కనబడకుండా నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా ఖాళీ కుర్చీలు తప్ప ఇంకేమీ కనిపించకూడదని. భోజనాల దగ్గర నాన్నకూ అన్నకూ జరిగిన గొడవల గురించి చెప్పమన్నారు. మొదట ముక్కలు ముక్కలుగా వచ్చింది. కాసేపటికి తమ్ముడు ఆ ఇద్దరి గొంతుల్లోనూ అరవడం మొదలుపెట్టారు. ఒకరి అరుపు, దానికి రెండోవాళ్ల అరుపు. మనిషి మళ్లీ ఆ వయసులోకి వెళ్లిపోయాడని తేలిపోయింది.

అప్పుడు కారో అడిగిన ప్రశ్న చూడండి. అన్నయ్య చిన్నతనం గురించి మీరు ఇంతకుముందు చెప్పిన ఆ మంచి మంచి కథలున్నాయే, అవి మళ్లీ చెప్పండి, ఈసారి ఇంకొంచెం వివరంగా. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, చెప్పలేను అన్నారు. ఎందుకని అంటే, అవి ఎప్పుడూ జరగలేదు కాబట్టి అన్నారు. ఆ తర్వాత ఇక అడగాల్సిన అవసరం పెద్దగా రాలేదు. అసలు బాల్యం ఎలా గడిచిందో ఆయనే చెప్పుకుంటూ పోయారు.

ఇందులో గమనించాల్సింది, కారో కొత్త ప్రశ్నేమీ వేయలేదు. పాత కథే మళ్లీ అడిగారు. కంఠతా వచ్చిన కథలో కొత్త వివరం చేర్చమంటే అది కదలదు, ఎందుకంటే దాని వెనక జ్ఞాపకం లేదు, మాటలే ఉన్నాయి. నిజంగా జరిగిన సంగతైతే గదిలో ఎవరున్నారు, తలుపు ఏ వైపు ఉంది, ఎవరు ముందు లేచి వెళ్లారు అని అడిగిన కొద్దీ ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. నేను అప్పుడు మీ పక్కన ఉండి ఉంటే నాకేం కనిపించేది, ఏం వినిపించేది అని కారో పదేపదే అడుగుతారట. విసుగొచ్చేదాకా. కోపమొచ్చేదాకా.

ఆయనదే ఇంకో అలవాటు. ఎదుటివాళ్లు మాట్లాడటం ఆపినప్పుడు ఆ ఖాళీని తాను నింపకుండా ఉండటానికి, నోరు మూసుకో అని అర్థం వచ్చే రెండు అక్షరాలు నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ఆ నోట్‌బుక్కుల నిండా ఆ రెండక్షరాలే ఉంటాయని ఆయనే రాసుకున్నారు. నలుగురి మధ్య మాట ఆగిపోతే ఎవరో ఒకరు కల్పించుకుని ఏదో ఒకటి అనడం మర్యాద. సంభాషణ నడిపేవాళ్లు ఆ మర్యాదను వదులుకోవాలి. చూడటానికి చిన్న విషయమే. కెమెరా నడుస్తుంటే, పక్కన సిబ్బంది చూస్తుంటే, ఎనిమిది సెకన్ల మౌనం ఎంత టెన్షన్ పెడుతుందో చేసినవాళ్లకే తెలుస్తుంది.

మౌనాన్ని, ముఖాన్ని టీవీలో మొదట గట్టిగా వాడుకున్నవాటిలో బీబీసీలో 1959 నుంచి 1962 వరకు నడిచిన ఓ కార్యక్రమాన్ని చెప్పుకోవాలి. ప్రశ్నలు అడిగే జాన్ ఫ్రీమన్ ముఖం తెరమీద కనిపించేది కాదు, మహా అయితే తల వెనక భాగం. కెమెరా అంతా అతిథి ముఖం మీదే, బాగా దగ్గరగా. మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కార్ల్ యుంగ్‌ను ఆయన ఇంట్లోనే 1959లో ఇలా చిత్రీకరించారు. ఇప్పుడు దేవుణ్ని నమ్ముతారా అని అడిగితే, కాసేపు ఆగి, కష్టమైన ప్రశ్నే అని, నాకు తెలుసు, నమ్మాల్సిన అవసరం లేదు అన్నారు. ఆ ఒక్క వాక్యం మీద తర్వాత బోలెడు వ్యాఖ్యానాలు వచ్చాయి, యుంగ్ స్వయంగా వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. వ్యాసం రాసుకునుంటే ఆయన ఆ మాటను అంత నగ్నంగా వదిలేవారు కాదేమో.

అదే కార్యక్రమంలో 1960లో టీవీ ప్రముఖుడు గిల్బర్ట్ హార్డింగ్ కన్నీళ్లు పెట్టుకున్నారు. మరణాన్ని దగ్గర నుంచి చూశారా అన్న ప్రశ్నకు, తల్లి పోయినప్పటి సంగతి గుర్తొచ్చి. ముక్కుసూటి మనిషిగా, కోపిష్ఠిగా పేరుపడ్డ ఆయన్ని ప్రేక్షకులు అలా చూడటం అదే మొదటిసారి. అదే ఏడాది చివర్లో ఆయన చనిపోయారు. ఆ ప్రశ్న అడగొచ్చా, అడగకూడదా అన్న వాదన మాత్రం చల్లారలేదు. ఒకరి కన్నీళ్లు బయటపడితే సంభాషణ లోతుకు వెళ్లిందని అనుకోవడం తేలిక. ఇవాళ్టి కార్యక్రమాల్లో సగం అదే పనిగా ఏడిపించే ప్రశ్నలతో నడుస్తున్నాయి కూడా. కన్నీళ్లు వచ్చాయన్న సంగతి వేరు, ఆ మనిషి గురించి మనకు కొత్తగా ఏదైనా తెలిసిందా అన్నది వేరు.

ఇక తయారీ సంగతి. 1962 ఆగస్టులో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌తో వారం పాటు కూర్చున్నారు. త్రూఫోకు అప్పటికి 30 ఏళ్లు, చేతిలో మూడు సినిమాలు. హిచ్‌కాక్‌కు 63. త్రూఫోకు ఇంగ్లీషు అంతంతమాత్రం, మధ్యలో హెలెన్ స్కాట్ అనే అనువాదకురాలు. అంటే ప్రతి ప్రశ్నా రెండుసార్లు, ప్రతి జవాబూ రెండుసార్లు. ఇది అడ్డంకి అనిపిస్తుంది గానీ, అనువాదం జరిగే ఆ కాసేపట్లో ఇద్దరికీ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. అప్పటికి హిచ్‌కాక్ అంటే జనాన్ని భయపెట్టే వినోదకారుడు, జోకులు వేసే లావుపాటి మనిషి అన్న పేరే ఎక్కువ. జోకులు ఆయన సరుకు. త్రూఫో ఆయన మొదటి మూకీ సినిమా నుంచి ఒక్కొక్కటే వరసగా తీసుకుని, ఈ షాట్ ఇక్కడే ఎందుకు పెట్టారు, ఆ పాత్ర లోపలికి వచ్చేటప్పుడు కెమెరా ఎందుకు కదల్లేదు అని అడుగుతూ పోయారు. ఆ స్థాయి ప్రశ్నకు జోకుతో జవాబివ్వడం కుదరదు. 1966లో ఆ సంభాషణలు పుస్తకంగా వచ్చాక హిచ్‌కాక్‌ను చూసే తీరే మారిపోయింది.

దీనికి పూర్తిగా ఎదురు వాదన కూడా ఉంది. దశాబ్దాల పాటు అమెరికా టీవీలో వేల ఇంటర్వ్యూలు చేసిన లారీ కింగ్, అతిథి రాసిన పుస్తకం ముందుగా చదవనని బాహాటంగానే చెప్పేవారు. తనకు తెలియకపోతేనే ప్రేక్షకుడు అడగాలనుకునే ప్రశ్న అడగగలనని ఆయన తర్కం. అందులో కొంత నిజముంది. అన్నీ తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నల్లో తమ పాండిత్యం చూపించుకోవాలన్న తపన కనిపిస్తుంటుంది, ప్రశ్న రెండు నిమిషాలు, జవాబు అవునండీ. కానీ కింగ్ పద్ధతి పరిచయానికి పనికొస్తుంది, అంతకు మించి కష్టం. ఏమీ తెలియకుండా కూర్చున్నవాళ్లకు అతిథి ఎక్కడ దాటవేశారో తెలియదు. బాగా చదువుకుని వచ్చి, ఏమీ తెలియనట్టు అడగడం అన్నిటికన్నా అరుదు.

చికాగో రేడియోలో 1952 నుంచి 45 ఏళ్లు సంభాషణలు నడిపిన స్టడ్స్ టెర్కెల్ అలాంటి మనిషి. అతిథి రచయితైతే ఆ పుస్తకాన్ని గీతలతో నింపుకుని వచ్చేవారు. కానీ టేప్ రికార్డర్ దగ్గర మాత్రం ఎప్పుడూ తికమకే. అది తిరగట్లేదే అని ఎదుటివాళ్లే చెప్పి సర్దిపెట్టాల్సి వచ్చేది. అలా సాయం చేశాక వాళ్లకు బెరుకు పోయేదని ఆయనే అనేవారు. ఆ చేతకానితనం ఎంత నిజమో, ఎంత నటనో ఎవరు చెప్పగలరు?

జీవితం గురించి అడిగే ప్రశ్నలకన్నా పని గురించి అడిగేవి ఎక్కువ పలుకుతాయి. మీ విజయ రహస్యమేమిటి అంటే ఎవరైనా కష్టపడటం అనే అంటారు. నిన్న పొద్దున ఎన్నింటికి పని మొదలుపెట్టారు, మొదట ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు అని అడిగితే దాటవేయడం అంత సులువు కాదు. 1953లో మొదలైన పారిస్ రివ్యూ పత్రిక ఈ దారినే పట్టుకుంది. తొలి సంచికలోనే ఇ.ఎం.ఫోర్‌స్టర్‌తో రచనావిధానం మీద సంభాషణ వేసింది. 1958లో హెమింగ్వేతో జార్జ్ ప్లింప్టన్ చేసినది ఇప్పటికీ చదువుతుంటారు. ఎంత తిరగరాస్తారు అన్న ప్రశ్నకు హెమింగ్వే, తన ఒక నవల చివరి పేజీ 39 సార్లు తిరగరాశానన్నారు. మామూలుగా అయితే అబ్బో అని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. ప్లింప్టన్ వదల్లేదు. అంత ఇబ్బంది పెట్టింది ఏమిటి, ఏదైనా సాంకేతిక సమస్యా అని అడిగారు. మాటలు సరిగ్గా కుదరడం, అంతే అన్నారు హెమింగ్వే. అందరికీ గుర్తున్న జవాబు ఆ రెండో ప్రశ్నకు వచ్చిందే. అన్నట్టు, 2012లో ఆ నవలను పాత ప్రతులతో కలిపి మళ్లీ అచ్చేసినప్పుడు లెక్కపెడితే ముగింపులు 47 దాకా తేలాయి. 39 కూడా ఓ నున్నబడ్డ అంకే అయి ఉండొచ్చు.

ఆ పత్రిక ఇంటర్వ్యూలకు మరో లక్షణముంది. అచ్చుకు ముందు ప్రతిని రచయితకే పంపి దిద్దుకోనిస్తారు. ఇంకా ముందుకు వెళ్లినవాడు నవలాకారుడు నబొకోవ్. ప్రశ్నలు ముందే రాసి పంపాలి, జవాబులు తానే రాసిస్తాడు, ఒక్క కామా మారకూడదు. తాను మేధావిలా ఆలోచిస్తానని, మంచి రచయితలా రాస్తానని, పసిపిల్లాడిలా మాట్లాడతానని ఆయన చెప్పుకున్న మాట ప్రసిద్ధం. ఇలా దిద్దిన సంభాషణ చదవడానికి హాయిగా ఉంటుంది, ఆలోచన చిక్కగా ఉంటుంది. దాన్ని సంభాషణ అనొచ్చా అంటే, ఇద్దరు కలిసి రాసిన వ్యాసం అనడమే సబబు. పారిస్ రివ్యూ ఆ సంగతి దాచదు కాబట్టి పేచీ లేదు.

పేచీ వచ్చేది అధికారంలో ఉన్నవాళ్ల దగ్గర. అక్కడ నిడివి అతిథికే ఆయుధం కావచ్చు. పదవి పోయిన మూడేళ్లకు, 1977లో, అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ బ్రిటిష్ టీవీ ప్రయోక్త డేవిడ్ ఫ్రాస్ట్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూ 12 రోజుల్లో 28 గంటల 45 నిమిషాలు రికార్డయింది. వైట్‌హౌస్‌లో రహస్యంగా రికార్డు చేయించి, చివరికి మీ పదవికే ఎసరు తెచ్చిన ఆ టేపులు ఎందుకు తగలబెట్టలేదు అన్నది ఫ్రాస్ట్ మొదటి ప్రశ్న. పదునైనదే. నిక్సన్ దానికి సాగదీసి సాగదీసి జవాబిచ్చారు. కోర్టుల్లో, చట్టసభల్లో కాలాన్ని తినేయడం నేర్చిన మనిషి ఆయన, మాట్లాడుతూ పోతే అవతలివాళ్ల సమయం కరిగిపోతుందని బాగా తెలుసు. మొదటి రోజులన్నీ చాలావరకు ఆయనవే. ఆయన పదవి పోవడానికి కారణమైన వాటర్‌గేట్ కుంభకోణం వంతు వచ్చేసరికి పరిస్థితి తిరగబడింది. ఫ్రాస్ట్ పరిశోధక బృందంలోని జేమ్స్ రెస్టన్ జూనియర్, అప్పటిదాకా బయటికి రాని ఓ సంభాషణ ప్రతిని కోర్టు పత్రాల్లోంచి తవ్వి తీశారు. దాంట్లోని వాక్యాలు ఫ్రాస్ట్ చదివి వినిపించే క్షణం వరకు అవి ఆయన చేతిలో ఉన్నాయని నిక్సన్‌కు తెలియదు. ఆయన సరుకు అక్కడ అయిపోయింది. దేశాన్ని నిరాశపరిచానన్న ఒప్పుకోలు ఆ తర్వాతే వచ్చింది. మొదటి భాగాన్ని దాదాపు 4.5 కోట్ల మంది చూశారు.

ఈ కథకు ఇంకో ముఖం, నిక్సన్‌కు ముట్టిన 6 లక్షల డాలర్లు, ఆపైన లాభాల్లో వాటా. డబ్బిచ్చి మాట్లాడించడమేమిటని పెద్ద టీవీ సంస్థలు ఈసడించుకుంటే ఫ్రాస్ట్ స్టేషన్లకు విడివిడిగా అమ్ముకున్నారు. డబ్బు ఇచ్చినందువల్ల నిజం పుట్టలేదంటే తప్పే, ఇవ్వకపోతే ఆ కుర్చీలో నిక్సన్ కూర్చునేవారే కాదు. 1995లో యువరాణి డయానాతో బీబీసీ చేసిన ఇంటర్వ్యూది మరీ చిక్కు వ్యవహారం. అందులో ఆమె చెప్పిన మాటలు ఆమెవే. కానీ ఆమె దాకా వెళ్లడానికి ఇంటర్వ్యూ చేసిన బీబీసీ విలేకరి మార్టిన్ బషీర్ నకిలీ బ్యాంకు పత్రాలు తయారు చేయించి ఆమె సోదరుడికి చూపించారని 2021లో లార్డ్ డైసన్ విచారణ తేల్చింది. మోసంతో తెరిచిన తలుపు గుండా వచ్చిన మాటను ఏం చేయాలి? బీబీసీ దాన్ని మళ్లీ ప్రసారం చేయబోమంది. చరిత్రకారులు మాత్రం వాడుతూనే ఉన్నారు.

నిడివే అన్నిటికీ మందు కాదనడానికి ఇటలీ పాత్రికేయురాలు ఓరియానా ఫలాచీ చాలు. 1972 నవంబరులో నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్‌తో ఆమెకు దొరికిన సమయం కొద్దిదే, అదీ మధ్యమధ్య ఫోన్లతో. అంతలోనే ఆయన తనను తాను గుర్రమెక్కి ఒంటరిగా ముందు సాగే కౌబాయ్‌తో పోల్చుకున్నారు. పత్రికలవాళ్లతో తాను జరిపిన సంభాషణలన్నిటిలోకీ అదే ఘోరమైనదని తర్వాత రాసుకున్నారు. పొగడ్త వాసన తగిలితే కొందరి సరుకు గంటలోనే కరిగిపోతుంది మరి.

పాడ్‌కాస్ట్ అన్న మాట 2004లో పుట్టింది. సమయం ఇక సమస్య కాకుండా పోవడమే అది తెచ్చిన పెద్ద మార్పు. టీవీలో నిమిషానికి వెల ఉంది, పేపర్లో అంగుళానికి వెల ఉంది, ఇక్కడ మూడు గంటలు పెట్టినా అడిగేవాళ్లు లేరు. దీనివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. టీవీలో రెండు వాక్యాలకు పనికొచ్చే గణిత శాస్త్రవేత్త, సర్జను, అనువాదకుడు ఇక్కడ తమ పని గురించి తీరిగ్గా, తమ భాషలో చెప్పగలుగుతున్నారు. అయితే ఇంకో రకం కూడా పెరిగింది. అతిథి పుస్తకమో సినిమానో కంపెనీయో విడుదలయ్యే వారం చూసుకుని వస్తారు, అదే వారం ఆరు చోట్లకు వెళ్తారు, ఆరు చోట్లా అవే కథలు. అడిగేవాళ్లకు ఆ అతిథి మళ్లీ రావాలి, వాళ్ల స్నేహితులు కూడా రావాలి. గట్టి ప్రశ్న అడిగి తలుపు మూసుకునేదెవరు? పైగా ఆ మూడు గంటల్లోంచి నిమిషం క్లిప్పులు కోసుకోవాలి కాబట్టి, క్లిప్పుకు పనికొచ్చే మాట రాగానే తవ్వడం ఆపేస్తారు. 2024 అక్టోబరులో డొనాల్డ్ ట్రంప్ జో రోగన్ కార్యక్రమంలో దాదాపు 3 గంటలు కూర్చున్నారు. ఎన్నికల వేళ నాయకులు ఇంతంత సేపు ఇవ్వడం ఒకప్పుడు ఊహకు అందనిది. ఇప్పుడు ఎందుకిస్తున్నారంటే, సాగే కొద్దీ స్నేహం కుదురుతుంది గానీ పదును పెరగదని వాళ్లకు తెలిసిపోయింది.

మాట్లాడింది కాగితం మీదికి ఎక్కేటప్పుడు ఏం జరుగుతుందన్నది చివరి చిక్కు. మనిషి మాట్లాడినట్టే రాస్తే ఎవరూ చదవలేరు. సగంలో ఆగిన వాక్యాలు, వెనక్కి తిరిగిన మాటలు, అంటే, మరి, ఏమిటంటే. కాబట్టి అందరూ దిద్దుతారు. ఎంతవరకు దిద్దొచ్చన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జెఫ్రీ మాసన్ అనే మనోవిశ్లేషకుడితో జానెట్ మాల్కమ్ 40 గంటలకు పైగా టేపు చేసి 1983లో న్యూయార్కర్‌లో రాశారు. నేను అనని మాటలు కొటేషన్లలో పెట్టారంటూ ఆయన దావా వేశారు. ఉన్న టేపుల్లో ఆ మాటలు కొన్ని దొరకలేదు. మాట మార్చినంత మాత్రాన తప్పు కాదు, అర్థం గణనీయంగా మారిపోతేనే లెక్క అని 1991లో కోర్టు అంది. 1994లో జ్యూరీ మాల్కమ్ పక్షాన తీర్పిచ్చింది. పోయిందనుకున్న నోట్‌బుక్ ఒకటి ఆ మరుసటి ఏడాది తన ఇంట్లోనే దొరికిందని ఆమె చెప్పారు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో 1948లో చరిత్రకారుడు ఆలన్ నెవిన్స్ ప్రముఖుల జ్ఞాపకాలను పద్ధతిగా సేకరించడం మొదలుపెట్టినప్పుడు టేప్ రికార్డర్ కూడా లేదు, పక్కన ఒక విద్యార్థి కూర్చుని చేత్తో రాసుకునేవాడు. రికార్డర్ వచ్చాక కూడా, టేపు ఖరీదైనది కాబట్టి, విని టైపు చేయగానే చెరిపేసి దాని మీదే ఇంకొకరిని రికార్డు చేసేవాళ్లు. చెప్పినవాళ్లు చదివి, దిద్ది, సంతకం పెట్టిన కాగితమే అసలైనదని అప్పటి నమ్మకం. ఆ కాగితాలు భద్రంగానే ఉన్నాయి. వాక్యాలన్నీ నిండుగా, తప్పుల్లేకుండా ఉన్నాయి. ఏ ప్రశ్నకు ఎంతసేపు ఆగారో, ఎక్కడ గొంతు తడబడిందో చెప్పగలిగే టేపు మీద ఆ మరుసటి వారమే ఇంకెవరో మాట్లాడేశారు.